నీడలో చూడవలసిన ఆకులు

ప్లాస్టిక్ కప్పు కింద టమాటాలు పెంచే రెండో టన్నెల్‌లో ఉన్నది తెగులేనని ఖాయమైన రోజు, ఇకమీదట దాని పని ఎవరు చూడాలన్న మాట రాగానే, ఎవరూ అడక్కముందే ఆమె "నేను వెళ్తాను" అంది.

అన్నాక గానీ ఆ మాట ఎవరు వినాలని అందో తనకే తెలియలేదు. ప్యాకింగ్ షెడ్డులో అందరూ ఉన్నారు. తోట ఆమె తమ్ముడిది. అతను ఒక టమాటా కొమ్మను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దొంగసొత్తు పట్టుకున్న పోలీసులా పైకెత్తి చూపిస్తున్నాడు. అతని భార్య, అంటే ఆమెకు మరదలు, బల్ల మీద కాయలు ఏరుతూనే వింటోంది. గుమ్మం దగ్గర వెలిగించని సిగరెట్టు చెవి వెనక పెట్టుకుని, అందరూ పొగబండి అని పిలిచే పనివాడు. అతని పక్కన టైలరు.

"మొజాయిక్," అన్నాడు తమ్ముడు. "ల్యాబ్ వాళ్ళు తేల్చేశారు. దీనికి మందు లేదు. వచ్చిన మొక్కని పీకెయ్యడమే. ఇది గాలికి రాదు, దోమతో రాదు. మన చేతుల్తో వస్తుంది. కత్తెరతో, బట్టల్తో వస్తుంది. సిగరెట్టు పొగాకులో కూడా ఉంటుందట."

అందరూ పొగబండి వంక చూశారు.

"నన్ను చూస్తారేంటి? నేను బయటేగా తాగేది!"

"చేతులు మాత్రం లోపలికి తెస్తావుగా నాయనా," అంది మరదలు. "అవి కూడా గుమ్మం దగ్గర విప్పేసి రావాల్సింది."

పొగబండిని ఆ పూటే పెట్టెలు మోసే పనికి మార్చారు. రెండో టన్నెల్‌కు ఇక ఒక్క మనిషే అన్నాడు తమ్ముడు. ఆ మనిషికి వేరే చెప్పులు, వేరే కత్తెర, వేరే కుళాయి. ఆ మనిషి మొదటి టన్నెల్‌లో ఎప్పుడూ అడుగు పెట్టకూడదు, గోళ్ళ సందున ఉన్నా చాలు, అంటుకుంటుంది. మొదటి దాంట్లోవాళ్ళు కావాలంటే సాయంత్రం తమ పనంతా అయ్యాక రెండో దాంట్లోకి రావచ్చు. వచ్చాక మాత్రం ఆ రోజుకు వెనక్కి దారి లేదు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మర్నాడే.

అప్పుడే ఆమె "నేను వెళ్తాను" అంది.

"నువ్వెందుకక్కా," అన్నాడు తమ్ముడు. అప్పటికే అతని గొంతులో ఊరట ఉంది. ఇంటి మనిషి అయితే జాగ్రత్తగా ఉంటుంది.

ఆమె ముఖం తమ్ముడి వైపే ఉంది. చెవులు గుమ్మం వైపు ఉన్నాయి. టైలరు ఇప్పుడు ఏదో అంటాడు. మీరొద్దు అంటాడు. ఆవిడ అవతల లేకపోతే నాకు పని సాగదు అంటాడు. పని పేరు పెట్టి అన్నా చాలు, తను అర్థం చేసుకోగలదు.

టైలరు గొంతు సవరించుకున్నాడు. "చేతులు మాటిమాటికీ పాలల్లో ముంచుకుంటే మంచిదంటారండి. వెన్న తీసిన పాలు. తెగులు అంటుకోదట," అన్నాడు.

"మన పిల్లికి మంచిరోజులొచ్చాయి," అంది మరదలు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే లోపల ఏదో ఒక చిన్న తలుపు గొళ్ళెం పడిన చప్పుడు వింది.

*

టైలరు ఒకప్పుడు నిజంగానే టైలరు. జనం కుట్టించుకోవడం మానేసి కొనుక్కోవడం మొదలుపెట్టాక దుకాణం మూసేసి, ఇక్కడ మొక్కలకు పురికొస కట్టే పనిలో చేరాడు. భార్య పోయి చాలా కాలమైంది. కూతురు దూరంగా వేరే ఊళ్ళో కాపురం ఉంటోంది. ఈ కాపు అయ్యాక తన దగ్గరికే వచ్చెయ్యమని, ఇంటి కింద గదిలో మళ్ళీ మిషను వేసుకోమని పిలిచింది. అతను సరేనన్నాడు. ఇది దాపరికం ఏమీ కాదు. అందరికీ తెలుసు.

ఆమె భర్త పోయాక తమ్ముడి ఇంటి మేడ మీది గదిలోకి మారింది. ఆ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, తోట వైపు ఒక కిటికీ. మొదట్లో పొద్దు గడవక టన్నెల్‌లోకి వచ్చేది. తర్వాత పని పట్టుబడింది. ఆ తర్వాత పని కోసం కాక మరెందుకో రావడం మొదలైంది. అది ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేదు. జ్వరం వచ్చాక తెలుస్తుంది గానీ, వస్తున్న క్షణం ఎవరికి తెలుస్తుంది?

మొదటి టన్నెల్‌లో వాళ్ళిద్దరిదీ ఒకే వరుస. తలకు పైగా పెరిగిన మొక్కల గోడకు ఇవతల ఆమె, అవతల అతను. ఆమె ఆకు మొదట్లో పుట్టుకొచ్చే పక్క పిలకలను గోళ్ళతో తుంచేసేది. అతను కాండాన్ని పురికొస చుట్టూ తిప్పి, పై తీగకు కట్టేవాడు. ముఖాలు కనిపించేవి కావు. ఆకుల మధ్య నుంచి చేతులు కనిపించేవి. ఎన్నో ఏళ్ళ సూదిపోట్లతో అతని చూపుడువేలి కొన గరుకెక్కి ఉండేది. ముడి వేసేటప్పుడు కాండానికీ పురికొసకూ మధ్య ఆ వేలినే పెట్టి, అంత సందు వదిలి బిగించేవాడు. "మొక్క ఇంకా లావవుతుందిగా. మనిషికైనా నడుం దగ్గర కాస్త వదిలే కుడతాం," అన్నాడొకసారి.

ముఖం కనిపించని మనిషితో ఏదైనా చెప్పుకోవచ్చు. వాళ్ళు చెప్పుకున్నవి పెద్ద సంగతులేమీ కావు. రాత్రి నిద్ర పట్టలేదని, బస్సులో ఎవరో గొడుగు మరిచిపోయారని, ఫలానా రంగు గుడ్డ చూస్తే ఎందుకో ఆకలేస్తుందని. బయట షెడ్డులో ఎదురెదురు పడితే మాత్రం ఇద్దరికీ మాటలుండేవి కావు. అతను మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండేవాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకునేది.

తోటలో అందరూ ఆమెను అక్కా అంటారు. అతనొక్కడే ఏ వరుసా పెట్టి పిలవలేదు. "ఇదిగోండి", "చూశారా", "ఉన్నారా అటు" — ఇంతే. మొదట్లో పొగరనుకుంది. ఆ పిలుపు లేకపోవడంలోనే తనకు ఇంత చోటు ఉందని చాలా రోజులకు తెలిసింది. తెలిశాక భయమేసింది. బహుశా ఆ భయమే షెడ్డులో ఆ రోజు తన నోటితో మాట్లాడి ఉంటుంది. కావలసినదాని వైపు నడవలేని మనిషి దానికి దూరంగా రెండడుగులు వేసి, వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తుంది.

ఎవరూ పిలవలేదు.

*

రెండో టన్నెల్‌లో పొద్దున్నే చేయాల్సిన పని పక్క పరదాలు ఎత్తడం. పిడి పట్టుకుని తిప్పితే ప్లాస్టిక్ పైపుకు చుట్టుకుంటూ మోకాళ్ళ ఎత్తు దాకా లేస్తుంది. రాత్రంతా లోపల పట్టిన చెమ్మ బయటికి పోవాలి, లేకపోతే ఆకుల అడుగున బూజు పడుతుంది. బూజంటే భయం లేదు. దానికి కాస్త గాలి ఇస్తే చాలు.

పరదా లేచాక, బండి పట్టేంత సందుకు అవతల, మొదటి టన్నెల్ కూడా కింద తెరుచుకునేది. అక్కడ అతని కాళ్ళు కనిపించేవి. మడత పెట్టిన ప్యాంటు అంచులు, వరుస వెంట మెల్లగా జరిగే రెండు పాదాలు. వాటి ఎదురుగా, ఇవతలి వైపు, ఇంకెవరి పాదాలూ లేవు. ఆమె చోటులో ఎవరినీ పెట్టలేదు. రెండు వైపులా అతనే తిరుగుతున్నాడు. మధ్యాహ్నపు ఎండలో ప్లాస్టిక్ మీద అతని నీడ పడేది. చేతులు పైకెత్తి ముడి వేసి, దించి, మళ్ళీ ఎత్తి. ఆ నీడ ఎప్పుడైనా ఆగితే ఆమె చేతిలో పని కూడా ఆగేది.

సాయంత్రం ఎవరైనా రావచ్చు. ఆ నియమాన్ని ఆమె మనసులో ఎన్నోసార్లు తిరగేసి చూసుకుంది. అటు నుంచి ఇటు రావడానికి అడ్డు లేదు. అయినా సాయంత్రం అతని పాదాలు వరుస చివరిదాకా వెళ్ళి, కుళాయి దగ్గర కాసేపు నిలబడి, గేటు వైపు వెళ్ళిపోయేవి. బస్సు టైమవుతుంది కదా అనుకునేది. అలిసిపోయి ఉంటాడు అనుకునేది. తర్వాత సాకులు వెతికే ఓపిక పోయి, ఊరికే చూసేది.

ఆమె పని తీర్పు చెప్పడం. చేతులు వెనక్కి కట్టుకుని వరుసల మధ్య నడవాలి. ముందు కళ్ళు, తర్వాతే చేతులు. మొక్క పైన లేత ఆకుల్లో లేత పచ్చ, ముదురు పచ్చ అతుకులు అతుకులుగా కలిసి ఉంటే అది తెగులు. ఎండలో చూస్తే ఏ ఆకైనా బాగున్నట్టే ఉంటుంది. మొక్కకూ సూర్యుడికీ మధ్య తను నిలబడి, తన నీడలో ఆకును చూడాలి. తెగులు ఉంటే అప్పుడు బయటపడుతుంది. బయటపడిన మొక్కకు, పక్కవాటికి తగలకుండా, పైనుంచి సంచి తొడిగి, పురికొస కోసి, వేళ్ళతో లాగెయ్యాలి.

పోలికలు చూసి మోసపోకూడదు. కింది ఆకులు గొట్టాల్లా పైకి ముడుచుకుంటే అది ఎండ వల్ల, పిలకలు మరీ ఎక్కువ తుంచడం వల్ల. కాయ అడుగున నల్లగా కుళ్ళితే అది ఒక రోజు నీళ్ళు ఎక్కువై, ఒక రోజు తక్కువై. అవి రోగాలు కావు, ఇబ్బందులు. ఇబ్బంది పడుతున్న మొక్క ఎంత వికారంగా కనిపించినా దాన్ని ఉండనివ్వాలి. ఈ తేడా ఆమెకు బాగా తెలుసు. తెలుసుననే తమ్ముడి ధైర్యం.

భోజనాల దగ్గర ఒక రోజు తమ్ముడు అన్నాడు. "నిజం చెప్పాలంటే అక్కా, ఇలా సగం సగం ఉండటమే నరకం. మొత్తం పోతే పోయింది, సబ్బునీళ్ళతో కడిగి ఎండకి వదిలేస్తాం. నువ్వూ మళ్ళీ మొదటి దాంట్లోకి వచ్చెయ్యొచ్చు. టైలరు ఒక్కడే సతమతమైపోతున్నాడు."

"ఏమన్నా అన్నాడా?"

"ఆయనేమంటాడు? ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు కొలతలు తీసుకోవాలి."

ఆమె పళ్ళెం తీసి కడగడానికి వెళ్ళింది. కుళాయి కింద చేతులు పెట్టి నీళ్ళు వదలడం మరిచిపోయి నిలబడింది. ఖాళీ అయితే. ఈ కాపు అయ్యేలోగా ఆ టన్నెల్ ఖాళీ అయితే.

*

ఆ మాట విన్నాక ఆమె కళ్ళు మారాయి. ఆమెకు అలా అనిపించలేదు. మొక్కలే మారాయనిపించింది. నిన్నటి దాకా శుభ్రంగా ఉన్న మొక్కలో ఇవాళ పొద్దున అతుకులు కనిపించేవి. నిలబడి చూసేది. నీడ చేసి చూసేది. అదుగో, ఆ ఈనె పక్కన రంగు తగ్గలేదూ? తగ్గినట్టే ఉంది. సందేహం ఉంటే పీకెయ్యడమే మేలని తమ్ముడే అన్నాడు. ఆమె సంచి తొడిగేది. ప్రతి మొక్కనూ లాగేటప్పుడు వేళ్ళు మట్టిని వదిలే చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకు గుండెలో ఏదో తేలికయ్యేది. వరుసల్లో సందులు పడ్డాయి. ఆ సందుల్లోంచి చూస్తే మొదటి టన్నెల్ ఇంకాస్త బాగా కనిపించేది.

ఒకనాటి ఉదయం బాగా కాపు మీదున్న మొక్కను పీకింది. కాయలు ఇంకా పచ్చివి, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. సంచిని, పీకినవి పూడ్చే గుంత దగ్గరికి మోసుకెళ్ళి, మూతి కట్టే ముందు ఎందుకో ఆగింది. షెడ్డు గోడ నీడలోకి జరిగి, సంచి తెరిచి, పై ఆకులను పట్టి చూసింది.

ఒకే పచ్చ. ఈనె నుంచి అంచు దాకా ఒకే పచ్చ.

మరో ఆకు చూసింది. ఇంకోటి చూసింది. టన్నెల్ లోపల ఆమె చూసిన అతుకులు పైకప్పు మీద పేరుకున్న పాకుడు, దుమ్ము వేసిన నీడలు. పాత ప్లాస్టిక్ అలా నీడలు వేస్తుందని అందరికీ తెలిసిందే. తనకూ తెలుసు. తెలిసి కూడా పైకి చూడలేదు.

మొక్క వేళ్ళు గాలికి అప్పుడే ఎండుతున్నాయి. తిరిగి నాటినా బతకదు. ఆమె సంచి మూతి కట్టి గుంతలో వేసింది. ఇంతకుముందు వేసినవాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఇక తెలుసుకునే దారి లేదు. తను అబద్ధం ఆడలేదు. అదే ఆమెను భయపెట్టింది. అబద్ధమైతే ఆడకుండా ఉండొచ్చు. చూపే అటు వాలితే ఏం చేయాలి? భర్త పోయాక ఇన్నేళ్ళూ తనకు ఏమీ అక్కర్లేదని అనుకుంటూ వచ్చింది. అక్కర్లేదని అనుకున్నది ఆకుల మీద మచ్చలై కనిపిస్తుందని ఎవరు ఊహిస్తారు?

ఆ మధ్యాహ్నం షెడ్డు బయటే నిలబడి తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. ఇంకొకళ్ళు చూడాలి."

"కళ్ళజోడు మార్చుకోవాలేమో అక్కా. సెంటర్‌కి తీసుకెళ్తాలే."

"కళ్ళజోడు కాదురా. ఒక్కదాన్నే చూసి చూసి అన్నీ ఒకేలా కనబడుతున్నాయి. పీకకూడనివి పీకుతున్నానేమో."

లోపలి నుంచి మరదలు తల బయట పెట్టింది. "సాయంత్రం టైలర్‌ని పంపించండి," అంది మొగుడితో. "నల్లదారంలో పది నల్లలు చూపిస్తాడు ఆ మహానుభావుడు. పచ్చలో రెండు పచ్చలు చెప్పలేడా?" తర్వాత ఆడపడుచు వంక తిరిగి, "ఏం వదినా, ఆయనైతే నీకు అభ్యంతరం లేదుగా?" అంది. ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"నాకెందుకుంటుంది."

"అదే. ఎందుకుంటుంది."

*

సాయంత్రం అతను వచ్చాడు. పాదాలు కాదు, నీడ కాదు, మొత్తం మనిషి. తలుపు దగ్గర చెప్పులు మార్చుకుని, గిన్నెలో పాలలో చేతులు ముంచి, తడి చేతులు గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతనికి ముందు నడిచింది. ఇన్నాళ్ళుగా చెప్పాలని దాచుకున్నవేవీ గుర్తు రాలేదు.

"ఇది చూడండి," అంది.

అతను మొక్కకు ఎండ తగలకుండా వంగి చూశాడు. "ఇది పోయిందండి. చూశారా, ఇక్కడ గళ్ళగుడ్డలా ఉంది." నిజమే. ఆమె తల ఊపి, ఆ మొక్కకు సంచి తొడిగి లాగేసింది. తర్వాతిది బాగుందన్నాడు. నిజమే. ఆ తర్వాతిది ఎండకు ముడుచుకుందంతే అన్నాడు. అతను చూసే తీరులో తొందర లేదు. ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఒక తిన్నని చూపు పక్కన నడవడం ఎంత సుఖమో అనుకుంది.

మధ్య వరుసకు వచ్చారు. ఆ వరుసలో ఇంకా ఒక్క మొక్కా పోలేదు. ఒత్తుగా, నిండుగా, మొదటి టన్నెల్‌లో వాళ్ళ వరుసలాగే ఉంది. అతను అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ఒక ఆకు పట్టుకుని, వదిలి, ఆ పక్కది పట్టుకున్నాడు.

"ఇది కూడా పోయినట్టుందండి," అన్నాడు.

ఆమె ముందుకు వంగి, తన నీడలో చూసింది. కింద రెండు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. పైన లేత ఆకులు ఒకే పచ్చగా ఉన్నాయి.

"ఇదా?"

"ఇదే. దీని పక్కది కూడా." అతను చూపు ఆకు మీంచి ఎత్తలేదు. "ఈ వరుస మొత్తం పోయినట్టే లెక్క. ఉంచినా లాభం లేదు."

"మొత్తమా!"

"ఇక్కడ మొదలైతే ఆగదు కదండీ."

నల్లలో పది నల్లలు చూపించగల మనిషి. ఆమె ఆకును అతని ముందుకు వంచి పట్టుకుంది. "మచ్చ ఎక్కడుందో చూపించండి."

అతని గరుకు వేలు ఆకు మీద ఆనింది. ఈనె పక్కగా పైకి వెళ్ళింది, అంచు దాకా వచ్చింది, మళ్ళీ మొదటికి జరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆగడానికి ఏమీ లేదక్కడ. ఆమె ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. ఇన్ని రోజులూ తన కళ్ళు తిరిగింది సరిగ్గా ఇలాగే.

"ఈ టన్నెల్ ఖాళీ అయితే మీరు మళ్ళీ అటు వస్తారని మీ తమ్ముడు అన్నారు," అన్నాడు అతను, ఆకుతో చెప్తున్నట్టు.

ఆమెకు ఏదైనా అనాలని ఉంది. ఎక్కడో దూరంగా పొగబండి పెట్టెలు దించుతూ ఎవరినో తిడుతున్నాడు. డ్రిప్ గొట్టంలో నీళ్ళు ఆగిపోయిన చప్పుడు వినిపించింది. చివరికి, "ఇన్నాళ్ళూ సాయంత్రాలు రావొచ్చుగా. అటు నుంచి ఇటు అడ్డేమీ లేదుగా," అంది.

"మీరే కదండీ ఇటు వెళ్తానన్నది. ఎవరూ అడక్కుండానే." అతను ఆకు మీంచి వేలు తీసేశాడు. "నాకు దూరంగా ఉందామనుకున్నారేమో అనుకున్నాను. అలాంటప్పుడు మీ వెంట పడి రావడం బాగోదని..."

"పాలల్లో ముంచుకోమన్నారు నన్ను."

"ఇంకేం అనాలో తెలీలేదు. జాగ్రత్తగా ఉండాలని మాత్రం అనిపించింది."

ఆమెకు నవ్వు వచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెండింటినీ భుజానికి తుడుచుకుంది, చేతులతో ముఖం తాకకూడదు కాబట్టి.

సంచులు ఆమె నడుముకు దోపుకుని ఉన్నాయి. వరుస ముందర ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఇద్దరు చూసి పోయిందంటే తమ్ముడు మారు మాట్లాడడు. రేపు మధ్యాహ్నానికి ఈ వరుస, ఎల్లుండికి మిగిలినవి. ఆ తర్వాత అదే గోడకు ఇవతల తను, అవతల అతను, కాపు అయ్యేదాకా. ఆమె ఒక సంచి లాగి, మూతి తెరిచింది. ప్లాస్టిక్ చేతుల్లో గలగలమంది. మొక్క మీద పచ్చి కాయలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉన్నాయి. ఉదయం గోడ నీడలో చూసిన ఆకులు గుర్తుకొచ్చాయి, గాలికి ఎండుతున్న వేళ్ళు గుర్తుకొచ్చాయి. ఇది చేస్తే, ఆ వరుసలో నిలబడి ఆమె అతని చేతులను చూడగలదు గానీ, తన చేతులను చూసుకోలేదు.

సంచిని మడిచి మళ్ళీ నడుముకు దోపుకుంది.

"ఇది జబ్బు కాదు టైలరు గారూ. ఎండకు ముడుచుకుంది, అంతే."

అతను ముడుచుకున్న ఆకును వేలితో సరిచేశాడు. "అవును," అన్నాడు తర్వాత. "అంతే."

"నేను పీకినవాటిలో కూడా మంచివి ఉన్నాయి. ఇదే చూపుతో పీకాను." ఆ మాట అనడం తను అనుకున్నంత కష్టంగా లేదు. అతను తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆకులు అడ్డు లేకుండా వాళ్ళు ఇంతసేపు ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. ఇద్దరూ అనుకున్నదానికంటే పెద్దవాళ్ళలా ఉన్నారు.

"మరి?" అన్నాడు.

"మరేముంది. ఇవి ఉంటాయి. నేనూ ఇక్కడే ఉంటాను."

అతను వరుస అటు వైపుకు నడిచాడు. జారిపోయిన ఒక కొమ్మను ఎత్తి, పురికొస చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఇవతల పిలకలు తుంచింది. వెలుగు ఉన్నంతసేపు అలా సాగారు. మాటలు అంతగా లేవు. ఒకచోట అతను, "ఉన్నారా అటు?" అన్నాడు. "ఉన్నాను," అంది.

మర్నాడు పొద్దున ఆమె తమ్ముడితో చెప్పింది: మిగిలినవి బాగున్నాయి, ఇక పీకక్కర్లేదు, కొన్ని అనవసరంగా పోయాయి, తప్పు నాదే. తమ్ముడు కాసేపు గొణిగాడు. "అయితే కాపు అయ్యేదాకా నువ్వు అటే ఉండాలక్కా," అన్నాడు. "ఉంటాను," అంది ఆమె. బల్ల దగ్గర మరదలు చేతిలోని కాయను అవసరానికి మించి తుడిచింది. ఏమీ అనలేదు. అది ఆమెకు అలవాటు లేని పని.

తర్వాతి సాయంత్రాల్లో కొన్నిసార్లు అతను వచ్చాడు. కొన్నిసార్లు పని తెమలక రాలేదు. రాని రోజుల్లో ఆమె పరదా దించుతూ, పిడి ఒక్కో చుట్టూ తిప్పుతూ, అవతలి పాదాలు కనిపించినంతసేపు చూసేది. వచ్చిన రోజుల్లో కూడా ఇంచుమించు అదే ఆకలి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అది తగ్గుతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. తగ్గలేదు. దానికి ముఖం మాత్రం వచ్చింది.

అతను పోయిందన్న వరుస ఏ మచ్చా లేకుండా పెరిగింది. ఒక పొద్దున కింది గుత్తిలో ఒక కాయ అడుగున రంగు తిరగడం ఆమె చూసింది. కింద మొదలైన ఎరుపు ఒక్కో గుత్తిగా పైకి ఎక్కుతుంది. పైదాకా ఎక్కితే కాపు అయినట్టు. కూతురి ఊరికి అతని పెట్టె సర్దడం అయినట్టు. ఆమె ఆ కాయ ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు నిలబడింది. ఇంకో రెండు రోజులు చెట్టునే ఉంచొచ్చు. ఉంచితే పగుళ్ళు వస్తాయి.

చేతులు ముందుకు తెచ్చి, తొడిమ దగ్గర విరిచి, కోసింది.